తిథి గడి

ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. ఆ సంగతి మా హాల్లో మేకుకి వేలాడే పంచాంగానికి తెలుసు. మామయ్యగారికి తెలుసు. నాకూ తెలుసు. తెలియనిది కృష్ణచైతన్య తెచ్చిపెట్టిన ల్యాప్‌టాప్ ఒక్కదానికే.

మాది అశోక్‌నగర్‌లో పితృకార్యాల వంట. తద్దినాలకీ మహాలయ పక్షాలకీ మడిగా వండి చిక్కడపల్లి, నారాయణగూడ, హైదర్‌గూడ, కవాడిగూడ ఇళ్లకి క్యారియర్లలో పంపుతాం. వంట అత్తయ్యగారు సుబ్బులుగారిది. పంపకం మావారు పవన్‌కుమార్‌ది. ఫోను మామయ్యగారు రామచంద్రరావుగారిది. నాదంటూ విడిగా ఏమీ లేదు. ఎవరి పని మిగిలిపోతే అది నాది.

ఫోనంటే ఆర్డర్లు రాసుకోవడం ఒక్కటే కాదు. కార్యానికి పది రోజుల ముందు ప్రతి ఇంటికీ ఆయనే ఫోన్ చేసేవారు. "నమస్కారమండీ, రామచంద్రరావుని. నాన్నగారి తిథి ఈసారి మంగళవారం పడింది." అంతే. ఆ మాట విన్నాకే అవతలివాళ్లు ఆఫీసులో సెలవు అడిగేవారు, అన్నదమ్ములకి కబురు చేసేవారు. పంచాంగం అందరిళ్లలోనూ ఉంటుంది. చూసి తేల్చుకునే ధైర్యమే ఉండదు. పొద్దున ఒక తిథి ఉంటుంది, మధ్యాహ్నానికి ఇంకోటి వస్తుంది. పితృకార్యానికి మధ్యాహ్నం ఉన్నదే లెక్క. ముప్పై ఒక్కేళ్లలో మామయ్యగారు ఒక్క ఇంటికీ తప్పు రోజు చెప్పలేదు.

జూలైలో ఆయన గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగారు, మిరియాలు నమిలారు, తగ్గలేదు. హైదర్‌గూడలో డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, స్వరపేటికలో చిన్న కాయలాంటిది ఉందన్నాడు. "భయపడాల్సిందేం కాదు, తీసేద్దాం. కానీ తర్వాత ఐదు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు. ఆ తర్వాత రోజుకి ఐదు నిమిషాలు."

ఆగస్టు ఆఖరుకి ఆపరేషన్ అన్నారు. అత్తయ్యగారు వేళ్ల మీద లెక్క వేశారు.

"అంటే సరిగ్గా మహాలయ పక్షాల ముందు మూగనోము పడతారన్నమాట."

భాద్రపదంలో ఆ పదిహేను రోజులే మాకు అసలు పని. తండ్రి ఏ నెలలో పోయినా, ఏ తిథినాడు పోయాడో ఆ పక్షంలో అదే తిథినాడు ఆయన పేర అన్నం పెడతారు. ఏడాది పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండే ఇళ్లన్నీ ఆ రెండు వారాల్లోకి వచ్చి పడతాయి. రెండువందల పన్నెండు ఇళ్లు. రిజిస్టర్లు ఉన్నాయి గాని, వాటిలో పేరు, ఫోను నంబరు, అన్నం పంపిన తేదీ, ఎంతమందికి ఆకులు, అంతవరకే. మిగతాదంతా మామయ్యగారి తలలో ఉంది.

"సీఆర్‌ఎం పెట్టిద్దాం నాన్నా" అన్నాడు పవన్.

"అంటే ఏమిట్రా?"

"కస్టమర్ల వివరాలన్నీ ఒకచోట ఉంటాయి. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలో అదే గుర్తుచేస్తుంది."

"అది నేనే కదరా" అన్నారు మామయ్యగారు.

కృష్ణచైతన్య ఆఫీసు నారాయణగూడలో ఒక మిఠాయి కొట్టు మేడ మీద. అంతకుముందు ఒక జిమ్ముకీ, రెండు పళ్ల ఆసుపత్రులకీ ఇలాంటిది పెట్టి ఇచ్చాడట. ముప్పై దాటిన మనిషి, మర్యాదస్తుడు. మా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి వివరించడం మొదలుపెట్టాడు.

"కొత్తగా ఫోన్ చేసినవాళ్లు మనకి 'లీడ్' అండీ. రెస్పాన్స్‌ని బట్టి కోల్డ్, వార్మ్, హాట్ అని మార్చుకుంటూ వెళ్తాం. ఆర్డర్ ఇచ్చేస్తే 'క్లోజ్డ్'."

మామయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. "బాబూ, మాకు కొత్తగా ఫోన్ చేశారంటే ఆ ఏడే వాళ్లింట్లో ఒక మనిషి పోయాడని అర్థం. ఆ ఇంటిని నేను హాట్ అనాలా, కోల్డ్ అనాలా?"

కృష్ణచైతన్య గబగబా సెట్టింగులు తెరిచాడు. "పేర్లు మార్చుకోవచ్చండీ. ఏదైనా పెట్టుకోవచ్చు."

"'లీడ్' తీసేసి 'కొత్త ఇల్లు' అని పెట్టండి" అన్నాను.

"మరి 'క్లోజ్డ్' మేడమ్?"

"'అన్నం పంపాం.'"

పుట్టినరోజు అని ఒక గడి ఉంది, పక్కన ఎర్ర చుక్కతో. అది నింపకపోతే కంప్యూటర్ ముందుకి కదలదు. దాన్ని 'కార్యం తేదీ' అని మార్చాడు. ప్రతి ఏడూ అదే తేదీకి దానంతటదే గుర్తుచేస్తుందన్నాడు.

"తేదీ కాదు, తిథి కావాలి."

"తిథి ఏ ఫార్మాట్‌లో ఉంటుంది మేడమ్?"

వంటింట్లోంచి అత్తయ్యగారు పకాలున నవ్వారు. నేను పంచాంగం దించి చూపించాను. అతను రెండు పేజీలు శ్రద్ధగా చదివి, "ఒకే రోజు రెండు తిథులు ఎలా ఉంటాయండీ?" అన్నాడు.

"ఒక్కోసారి మూడు కూడా ఉంటాయి."

"అయితే దానికి కోడు రాయాలంటే నెల పడుతుంది. ప్రస్తుతానికి తిథి నోట్స్‌లో రాయండి. ఈ గడిలో ఏదో ఒక తేదీ పడేయండి, జనవరి ఒకటి పెట్టినా పర్లేదు. తర్వాత చూద్దాం."

అక్కడే తప్పు చేశాను. నాకు ఖాళీ గడి చూస్తే చెయ్యి ఊరుకోదు, అబద్ధపు తేదీ రాయడం అసలే రాదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివిన రోజుల నుంచీ ఉన్న జబ్బు. అందుకని రిజిస్టరు చూసి, కిందటేడు ఏ ఇంటికి ఏ రోజున అన్నం పంపామో సరిగ్గా ఆ తేదీ పెట్టుకుంటూ పోయాను. అది నిజం కదా అనుకున్నాను. ఆపరేషన్ హడావిడి తగ్గాక పంచాంగం ముందు పెట్టుకుని ఈ ఏటి తేదీలు మార్చుకోవచ్చనుకున్నాను.

అప్పటినుంచి రోజూ పదకొండింటికి మామయ్యగారు ఫోను పక్క కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకునేవారు. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునేదాన్ని.

"రాయి. హైదర్‌గూడ, శిష్ట్లా వారు. తిథి బహుళ తదియ. ఆకులు తొమ్మిది. కాకరకాయ కూర తప్పనిసరి. అల్లం పచ్చట్లో బెల్లం తక్కువ, వాళ్లావిడకి షుగరు."

"శిష్ట్లా వారికి కాకరకాయ కాదు, పొట్లకాయ!" వంటింట్లోంచి.

"కాకర."

"పోయినేడు పొట్లకాయ పెరుగుపచ్చడి గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. కడిగినదాన్ని నాకు తెలియదా?"

"నువ్వు కడిగింది గిన్నెని. నేను విన్నది మనిషిని."

నేను రెండూ రాశాను.

రోజుకి పదిహేను, ఇరవై ఇళ్లు. ఒక్కోసారి ఒక్క ఇంటికే అరగంట పట్టేది. వాళ్ల అన్నదమ్ములకి పడదు, కాబట్టి ఇద్దరికీ వేరువేరుగా చెప్పాలి, ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పకూడదు. ఫలానా ఆయన ప్రతి ఏడూ ఆకులు ఐదంటాడు, ఏడు పంపాలి. నేను గబగబా కొట్టేస్తుంటే, "అంత తొందరేం లేదమ్మా, గొంతు ఇంకా ఉంది" అనేవారు.

చతుర్దశి దగ్గరికి వచ్చిన రోజు ఆయన ఇంకా నెమ్మదిగా మాట్లాడారు. ఆ తిథి ప్రమాదాల్లోనో, అర్ధాంతరంగానో పోయినవాళ్లది.

"ఐదిళ్లున్నాయి. వాళ్లకి రోజు చెప్పు, ఆకులెన్నో అడుగు. ఇంకేమీ అడక్కు. ఆదిశేషయ్యగారైతే ఫోనెత్తి కాసేపు మాట్లాడరు. లైను కట్టయిందనుకుని పెట్టెయ్యకు. ఉండు. ఆయనే మాట్లాడతారు."

కృష్ణచైతన్య ఇచ్చిన గడుల్లో దీనికి చోటు లేదు. ఫోన్ చేసి కొత్త గడి ఒకటి అడిగాను, 'అడక్కూడనివి' అని. పళ్ల ఆసుపత్రికి కూడా ఇది పనికొస్తుందేమో మేడమ్ అన్నాడు.

ఆపరేషన్ రేపనగా రెండువందల పన్నెండూ పూర్తయ్యాయి.

"మొత్తం వచ్చేసినట్టేనా?" అడిగారు.

"వచ్చేసినట్టేనండీ."

కాసేపు ఫోను వంక చూశారు. "ఇక నన్ను అడగాల్సిందేమీ లేదన్నమాట."

"గొంతు రాగానే మళ్లీ మీరే కదా మామయ్యగారూ."

"ఎందుకూ? ఎప్పుడు చెప్పాలో అది గుర్తుచేస్తుంది. ఏం చెప్పాలో అందులో ఉంది. చెప్పడానికి నువ్వున్నావు. మధ్యలో నేనెందుకమ్మాయ్?"

కోపంగా అనలేదు, సాయంత్రం పేపరు వచ్చిందా అని అడిగినట్టు అన్నారు. కాఫీ తెస్తానని లేచాను. ఆపరేషన్‌కి ముందు ఆయన కాఫీ తాగకూడదన్న సంగతి వంటింట్లోకి వెళ్లాక గుర్తొచ్చింది.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి వచ్చాక చిన్న నోటుబుక్కూ పెన్నూ జేబులో పెట్టుకుని తిరిగేవారు. అత్తయ్యగారికి మాత్రం అంతకంటే పెద్ద వరం లేదు. "నలభై ఐదేళ్లకి నా మాట పూర్తిగా వింటున్నారు" అని పక్కింటావిడకి గోడ మీదుగా చెప్పుకున్నారు.

సరిగ్గా వారానికి, సోమవారం పొద్దున్నే, ఫోను మోగడం మొదలుపెట్టింది. కృష్ణాష్టమి ఇంకా రాలేదు. వినాయక చవితికి ఇంకా రెండు వారాలుంది.

మొదట శిష్ట్లా వారావిడ. "ఏమ్మా, శ్రావణమాసంలో మహాలయమేమిటి? మెసేజ్ చూసి మా అబ్బాయి బెంగళూరు నుంచి టికెట్ తీసేశాడు."

నాకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ తెరిచేసరికి అర్థమైంది. రాబోయే పది రోజుల్లో కార్యం ఉన్న ఇళ్లన్నిటికీ అది తనంతట తానే మెసేజ్ పంపింది. కిందటేటి తేదీలు పట్టుకుని. అధిక మాసం వచ్చి తిథులన్నీ మూడు వారాలు ఆలస్యంగా వస్తున్నాయని దానికెవరు చెప్పారు? మెసేజ్‌లు ముందునుంచే ఆన్‌లో ఉంటాయని నాకూ ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు. నలభై మూడిళ్లకి వెళ్లింది. "నమస్కారం. మీ ఇంట మహాలయం ఈ నెల పదమూడున. ఆకుల సంఖ్య తెలుపగలరు." కింద సంతకంలా, రామచంద్రరావు అని.

వరసగా ఫోన్లు. క్షమించమని చెప్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

"నువ్వెవరమ్మా? రామచంద్రరావుగారికివ్వు."

"కోడల్నండీ. ఆయన మాట్లాడకూడదు. గొంతుకి ఆపరేషన్ అయింది."

"నిజం చెప్పమ్మా. ఆయన ఉన్నారా?"

అలా అడిగినవాళ్లు ఒకరు కాదు, నలుగురు. ఇంకొకాయన, "ఎవరికైనా అమ్మేశారా? ఆ సంగతైనా చెప్పండి, మేం వేరే చూసుకుంటాం" అన్నాడు. ఈ పనిలో ముప్పై ఒక్కేళ్లుగా ఉన్నది ఒక్కటే, ఆయన చెప్పిన రోజు తప్పదన్న నమ్మకం. దాన్ని ఒక్క పొద్దుటిపూట నా చేత్తో నేనే చెడగొట్టాను.

మామయ్యగారు పక్కన కుర్చీలోనే ఉన్నారు. ప్రతి ఫోనూ విన్నారు. నోరు తెరిచే వీల్లేదు. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పమని సైగ చేసి, మెసేజ్ పైనుంచి కిందిదాకా చదివారు. తన పేరు దగ్గర కాసేపు ఆగారు. నన్ను కేకలేసినా బాగుండేది. లేచి మేకు మీది పంచాంగం దించారు, భుజాన ఉత్తరీయం వేసుకున్నారు, నోటుబుక్కులో రాసి చూపించారు.

'జైపాల్‌ని పిలు.'

"ఆపరేషనై వారమేగా అయింది! ఎక్కడికండీ?" అంటూ అత్తయ్యగారు గరిటెతో సహా బయటికి వచ్చారు. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

జైపాల్‌ది పాలమూరు దగ్గరి ఊరు. పదేళ్లుగా మా క్యారియర్లు తిరిగేది అతని ఆటోలోనే. మడి వంట కాబట్టి గిన్నెలు ఎక్కించేదీ దించేదీ పవనే. "నేను హ్యాండిల్ పట్టెటోన్ని అక్కా, గిన్నె పట్టెటోన్ని కాదు" అని జైపాల్ తనే నవ్వేవాడు. ఆ నవ్వు నాకెప్పుడూ పూర్తిగా నవ్వులా అనిపించలేదు.

మొదటి ఇంటికి నేనూ వెళ్లాను. శిష్ట్లా వారావిడ తలుపు తీసి, గుమ్మంలో ఉత్తరీయంతో నిలబడ్డ పొట్టి మనిషిని చూసి, చందాకి వచ్చారనుకున్నట్టుంది, లోపలికి తిరగబోయింది. మామయ్యగారు పంచాంగం తెరిచి, తదియ దగ్గర వేలు పెట్టి, ఆమె ముందు పట్టుకున్నారు. తర్వాత రెండు చేతులూ జోడించారు.

ఆవిడ పంచాంగం చూసింది, ఆయన్ని చూసింది. "రామచంద్రరావుగారా?"

ఆయన తలూపారు.

"అయ్యో! మీరు పొడుగ్గా, భారీగా ఉంటారనుకున్నానండీ, ఇన్నేళ్లూ. ఆ గొంతుని బట్టి."

మామయ్యగారి భుజాలు కదిలాయి. నవ్వు కూడా కూడదన్నారని నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆయన నోటుబుక్కులో రాశారు, 'తప్పు మాది. తదియ అక్టోబరు ఒకటి, ఆదివారం.' ఆవిడ ఆ కాగితం చింపి ఇమ్మని అడిగి తీసుకుంది. కొడుక్కి అప్పటికప్పుడు ఫోన్ చేసి, "మెసేజ్ కాదురా, మనిషే వచ్చి చెప్పాడు" అంది. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచింది.

"కాకరకాయ మాత్రం వద్దండీ ఈసారి. మీరడిగినప్పుడల్లా మొహమాటానికి సరే అంటున్నాను. మాకు పొట్లకాయే ఇష్టం."

ఈ సంగతి ఇంటికి వచ్చి అత్తయ్యగారికి చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. చెప్పాను. రెండ్రోజులు పండగ చేసుకున్నారు.

నాలుగు రోజుల్లో నలభై మూడిళ్లూ తిరిగారు. నేను ఇంట్లో ఉండి ఫోన్లకి జవాబు చెప్పుకున్నాను. జైపాల్ సాయంత్రం వచ్చి కబుర్లు చెప్పేవాడు.

"ఒక్కొక్క ఇంట్ల ఏం మర్యాద అక్కా! కాఫీలు నాలుగు తాగిండు పెద్దసారు. ఒకాయనైతే కాళ్లకు మొక్కిండు. మీరు బతికే ఉన్నరా అని ఏడ్సిండు. జర సేపు నాకు గూడ పరేషాన్ అయింది."

ఐదో రోజుకి ఇక వెళ్లాల్సిన ఇళ్లు లేవు. అయినా తొమ్మిదింటికి మామయ్యగారు ఉత్తరీయం వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. తప్పు మెసేజ్ వెళ్లనివాళ్ల దగ్గరికి ఎందుకని పవన్ అడిగాడు. 'మిగతావాళ్లని కూడా చూస్తాను' అని రాశారు.

ఈలోగా కృష్ణచైతన్య వచ్చాడు. అతని మొహం చూస్తే కోప్పడాలనిపించలేదు. ఆటోమేటిక్ మెసేజ్‌లన్నీ తీసేయించాను. ప్రతి ఏడూ తిరిగి వచ్చే తేదీ తీసేయించాను. దాని బదులు 'తిథి' అని గడి పెట్టాడు. నొక్కితే పాడ్యమి నుంచి అమావాస్యదాకా వరసగా వస్తాయి. పక్కనే 'ఈ ఏటి తేదీ'. ఎర్ర చుక్క లేదు. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చాక మనిషి కూర్చుని చూసి నింపాలి. అప్పటిదాకా అది ఖాళీగా ఉండాలి.

"అన్నీ మాన్యువల్ అయిపోయాయి మేడమ్" అన్నాడు దిగులుగా.

"ఇప్పుడు బాగుంది" అన్నాను.

నేను నింపిన ప్రతి తేదీనీ మామయ్యగారు పంచాంగంతో సరిచూసి కాగితం మీద టిక్కు పెట్టారు. రెండు చోట్ల దిద్దారు కూడా. ఆ రెండు రోజులూ తిథి మధ్యాహ్నం దాటాక మొదలవుతుంది. నేను గమనించలేదు.

ఇళ్లు తిరిగొచ్చాక ఆయన తన నోటుబుక్కు నా ముందు పెట్టేవారు. మొదట రోజులూ ఆకులూ మాత్రమే ఉన్నాయి. తర్వాత తర్వాత వేరే రాతలు.

'చిక్కడపల్లి, బాలాంత్రపు వారు. ఆర్డరిచ్చేది కొడుకు. తిథి గుర్తుపెట్టుకునేది కోడలు. ఫోను ఆమెకి చెయ్యాలి.'

'అశోక్‌నగర్ నాలుగో వీధి. లిఫ్టు పాడు. పెద్దాయన కిందికి దిగి క్యారియర్ కోసం ఎండలో నిలబడుతున్నాడు. పైకి చేర్చాలి.'

'నారాయణగూడ, సీతాపతిగారు. పూర్తిగా చెవుడు. ఇరవై ఏళ్లుగా నేను చెప్పింది ఆయనకి వినపడలేదు. సరే సరే అన్నది మర్యాదకి. కార్యం రోజు పంచాంగంలో ఆయన మనవరాలే చూసుకుంటోంది.'

ఇది చదివి నేను పడీపడీ నవ్వాను. ఆయన బుంగమూతి పెట్టి, తర్వాత తనూ భుజాలు కదిలించారు. కంప్యూటర్‌లో ఇంకో గడి తెరిచాను. 'చూసినవి' అని పేరు పెట్టాను. ఆగస్టంతా ఆయన కళ్లు మూసుకుని చెప్పిన వాటిలో ఇవేవీ లేవు.

ఒకరోజు నోటుబుక్కులో ఒక్క ఇల్లే ఉంది.

'షష్ఠి. నర్మదగారు, కవాడిగూడ. ఆకులు ఒకటి. వెళ్లి వడ్డించాలి.'

రిజిస్టరులో ఆమెకి నాలుగు ఆకులు. ఎనిమిదేళ్లుగా నాలుగే. నేను జైపాల్ వంక చూశాను.

"ఒక్కతే ఉంటది అక్కా ఆ అమ్మ. సారు ఇల్లంత సూసి, నోటుబుక్కుల నాలుగు అని రాసి సూపిస్తే తల దించుకున్నది. ఆమె పెనిమిటికి మహాలయం పెట్టనీకి బావ కొడుకు వస్తడంట. తంతు కాంగనే ఆఫీసుకు ఉర్కుతడంట. మరి నలుగురికి ఎందుకు చెప్తున్నవమ్మా అని నేనడిగిన. ఒక్కదానికంటే మీరు పంపరేమో అనుకున్న నాయనా అన్నది."

"మిగిలింది?"

"వాచ్‌మన్ పిల్లలకు పెడ్తదంట. ఆమె తినేది ఎప్పుడో సాయంత్రం, సల్లగయినంక."

కనీసం నాలుగు ఆకులన్న నియమం పెట్టింది పవనే. నేను ల్యాప్‌టాప్‌లో నాలుగు చెరిపి ఒకటి కొట్టాను. గడి ఎర్రబడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ ఎర్రబడింది. కృష్ణచైతన్యకి ఫోన్ చేశాను.

"మేడమ్, మినిమమ్ ఫోర్ అని సారే పెట్టించారు కదా. ఒక్క ప్లేటుకి ట్రిప్పంటే వర్కవుట్ అవ్వదు మీకు."

"అవుతుందో లేదో మేం చూసుకుంటాం. ఆ గడి ఒకటిని తీసుకోవాలి. ఇప్పుడే."

"ఇప్పుడేనా?"

"నేను లైన్లోనే ఉంటాను."

ఐదు నిమిషాల్లో మార్చాడు. ఒకటి కొట్టాను. తీసుకుంది.

పక్షాలు మొదలయ్యాక ఇల్లు ఇల్లులా లేదు. తెల్లవారకముందే అరటికాయలూ కందగడ్డలూ గుట్టలు. అత్తయ్యగారు తడిచీరతో పొయ్యిల మధ్య. పవన్ క్యారియర్ల మధ్య. నేను పది రోజుల ముందే అందరికీ ఫోన్లు చేశాను. "నమస్కారమండీ, రామచంద్రరావుగారి కోడల్ని" అంటే ఇప్పుడెవరూ ఆయనకివ్వమని అడగడం లేదు. "మొన్న వచ్చారమ్మా, ఎలా ఉన్నారు?" అంటున్నారు. ఆదిశేషయ్యగారికి చేసినప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆగాను. చివరికి, "ఐదాకులమ్మా" అన్నారు.

పంచమినాడు డాక్టరు గొంతు చూసి, రేపటి నుంచి రోజుకి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చన్నాడు. ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. మేం ముగ్గురం ఆయన వంక చూశాం. ఆయన నా వంక చూసి, నువ్వు తియ్యి అన్నట్టు తలూపి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

షష్ఠినాడు కవాడిగూడకి ఒక్క ఆకు భోజనంతో ఆయనే బయల్దేరారు. పవన్ అప్పటికే పదకొండిళ్ల పని మీద వేరే బండిలో వెళ్లాడు. రెండు దాటాక ఆటో తిరిగొచ్చింది. మామయ్యగారు దిగి నేరుగా స్నానానికి వెళ్లారు. జైపాల్ మాత్రం వంటింటి వసారా దగ్గర నిలబడి ఆగలేకపోతున్నాడు.

"పెద్దసారు మాట్లాడిండు అక్కా!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఏమన్నారు?"

"ఆమె ఆకు ముందర కూసున్నది. సారే వడ్డించిండు. తల ఎత్తకుంట తింటున్నది. సారు ఒంగి, 'ఇంకొంచెం వెయ్యనా అమ్మా' అన్నడు. ఆమె సేయి ఆడనే ఆగింది. గొంతు అదో తీరుగ ఉన్నది, గీరుకపోయినట్టు. అయినా గుర్తువట్టింది. వెయ్యండి అన్నది. గారెల కాడ గదే అడిగిండు. పరమాన్నం కాడ గదే. పెరుగు కాడ గదే. ఐదు నిమిషాలు గట్లనే అయిపోయినయి. ఇంకో మాటే మాట్లాడలే."

అత్తయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. "క్యారియర్ ఎవరు మోశారు?"

జైపాల్ నవ్వు తగ్గింది. "మూడంతస్తులమ్మా. సగం ఎక్కెవరకు సారుకు ఆయాసం వచ్చింది. నన్ను పట్టుకొమ్మని సైగ చేసిండు. నేనే పట్కపోయిన."

అత్తయ్యగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మడి విషయంలో ఆవిడ ఎంత పట్టింపు మనిషో నాకు తెలుసు.

"రేపు సప్తమి వాళ్లది నాలుగో అంతస్తు" అన్నారు. "పప్పు గిన్నె కాలుతుంటుంది. గుడ్డ చుట్టి పట్టుకో."

జైపాల్ సరేనమ్మా అని వెళ్లిపోయాక నావైపు తిరిగారు. "విన్నావా? గారెల దగ్గర ఇంకొంచెం వెయ్యనా, పెరుగు దగ్గర ఇంకొంచెం వెయ్యనా... నలభై ఐదేళ్లలో నన్నొక్కసారి అడిగారా ఆ మాట?"

"మీరు కూర్చుంటే కదా అత్తయ్యగారూ, అడగడానికి!"

ఆవిడ గరిటె సింకులోకి ఒక్క విసురు విసిరారు.

అమావాస్యతో పక్షాలు ముగిశాయి. రెండువందల పన్నెండిళ్లకీ చెప్పిన రోజున, చెప్పిన వేళకి అన్నం వెళ్లింది. కంప్యూటర్‌లో వరసగా 'అన్నం పంపాం' అని ఆకుపచ్చగా కనిపిస్తుంటే పైనుంచి కిందికి రెండుసార్లు చూసుకున్నాను.

మర్నాడు ఆర్డర్లేవీ లేవు. పదిహేను రోజుల తర్వాత మా కోసం మేం వండుకున్నాం, పప్పూ బెండకాయ వేపుడూ. పవన్ తిన్నాడు, నేను తిన్నాను. అత్తయ్యగారు ఎప్పట్లాగే పొయ్యి గట్టు పక్కన నిలబడి, కంచంలో ఇంత కలుపుకోబోయారు. మామయ్యగారు వచ్చి ఆవిడ చేతిలోంచి కంచం తీసి పక్కన పెట్టారు. హాల్లో అరిటాకు పరిచి ఉంది. పక్కన పీట.

"ఇదేం చోద్యమండీ? కోడలు చూస్తోంది."

ఆయన పీట చూపించారు. ఆవిడ నన్ను చూశారు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. గొణుక్కుంటూనే కూర్చున్నారు. ఆయన అన్నం పెట్టారు, పప్పు వేశారు, నెయ్యి కాస్త ఎక్కువే వేశారు. ఆవిడ రెండు ముద్దలు తిన్నాక, గరిటె చేత్తో పట్టుకుని ఆయన వంగారు.

"సుబ్బులూ, ఇంకొంచెం వెయ్యనా?"

ఆ గొంతు ఇదివరకటిది కాదు. సన్నగా, ఎక్కడో చిరిగినట్టుంది.

"మాట్లాడకండీ" అన్నారు అత్తయ్యగారు తలెత్తకుండా. "ఉన్నవే ఐదు నిమిషాలు."

అంటూనే ఆకు కాస్త ముందుకి జరిపారు.